జవాబు వద్దన్న ఉత్తరాలు

పాలగుట్ట దర్గాలో అర్జీలు చదివే సుభాన్‌కు ఎన్నడూ లేని చిక్కు వచ్చి పడింది. దర్గా ఈమెయిల్ నిండిపోవచ్చింది. తొమ్మిదివేల నాలుగువందల పదహారు ఉత్తరాలు. ఇంకొన్ని రోజుల్లో చోటు ఉండదనీ, ఆ తర్వాత ఎవరేం పంపినా చేరదనీ కంప్యూటరు ఎర్రక్షరాల్లో చెప్తూనే ఉంది.

"తీసేస్తే పోలా?" అన్నారు చూసినవాళ్ళు.

తీసేయడానికి వీల్లేదు. ఆ దర్గాలో అర్జీని పారేసే ఆచారం లేదు. కష్టం వచ్చినవాళ్ళు కాగితమ్మీద రాసి తెచ్చి గడప పక్కనున్న కుండలో వేస్తారు. గురువారం సాయంత్రం ఊదుబత్తులు వెలిగించాక సుభాన్ వాటిని ఒక్కొక్కటే తీసి, వచ్చిన వరసలోనే, సమాధి ముందు నిలబడి పైకి చదువుతాడు. కలవాళ్ళ కాగితం ముందు, లేనివాళ్ళది వెనక అని లేదు. ఒక్క అక్షరం వదలకూడదు. ఒక్కోటీ చదవడం అయ్యాక చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆమీన్ అంటారు. అవ్వ తన మాట చెప్తుంది.

అవ్వ అంటే మాబున్నవ్వ. దూదేకులవాళ్ళ ఇంటి మనిషి. దర్గా పెద్దగా గద్దె మీద ఉన్న మొగుడు పోయినాక జనమే ఆమెను ఆ చోట కూర్చోబెట్టారు. చదువు రాదు. పరుపులూ దిండ్లూ కుట్టే పని గద్దె ఎక్కినా మానలేదు. ఎవరు ఎంత ఏడ్చుకుంటూ చెప్పినా, చేతుల్లో దూదిపింజలు విడదీస్తూనే వింటుంది.

కువైట్‌కు పనికి పోయినవాళ్ళు కుండలో కాగితం వేయలేరు గదా. వాళ్ళ కోసం ఆరేళ్ళ కింద సుభానే ఈమెయిల్ పెట్టించాడు. అవ్వ అడ్డు చెప్పలేదు. "అదీ కుండే గదా. పెట్టు," అంది.

సుభాన్ ఒకప్పుడు ఒక ఆఫీసులో తపాలా రిజిస్టరు రాసిన మనిషి. లోపలికి వచ్చిన ప్రతి కాగితానికీ అంకె వేసి, ఒక్కటి తప్పిపోకుండా చూసినవాడు. ఆ పని మానేసి దర్గాకు వచ్చినా, ఆ గర్వం మాత్రం మానలేదు.

కొత్త కుండలో కష్టాలొక్కటే పడితే ఏ బాధా లేకపోయేది. సుభాన్ ఏ అంగడికి పోయినా బిల్లు కట్టే దగ్గర ఈమెయిల్ అడిగేవాళ్ళు. తనకంటూ ఒకటి లేదు. దర్గాది ఇచ్చి వచ్చేవాడు. బూట్ల అంగడి, ఫ్యాన్ల అంగడి, కళ్ళద్దాల అంగడి, ఎవరికి పడితే వాళ్ళకు. అమ్ముకునేవాడికి పీరైతేనేం, పిచ్చయ్యయితేనేం. వాళ్ళు రాయడం మొదలుపెట్టారు. ఆపలేదు.

ఏది అర్జీ, ఏది కాదు అని తేల్చడానికి నేనెవణ్ణి అనుకున్నాడు సుభాన్. అది వినయమని అతని నమ్మకం. అన్నిటినీ చదివాడు.

"ప్రియమైన ఖాతాదారు గారూ, మీ కోసమే ఈ శుభవార్త. మా దగ్గర బూట్ల మీద సగానికి సగం తగ్గింపు. రెండు రోజులు మాత్రమే. త్వరపడండి."

"ఆమీన్," అన్నారు జనం.

ఒక ముసలాయన మటుకు భయపడి పక్కవాణ్ణి అడిగాడు. "రెండు దినాలైనాక ఏమైతాది నాయనా?"

*

మంగళవారం పొద్దున దర్గా ఫోను మోగింది. ఆడమనిషి గొంతు. వెనక బస్సుల హారన్లు.

"అన్నా, దర్గానేనా? నా అర్జీ చదివినారా? మెయిల్లో మూడుసార్లు పంపినా. నన్ను కువైట్‌లో ఇంటిపనికి పంపిస్తాండాడు మా అన్న. నాకు పోవాలని లేదు. శుక్రవారం బస్సు. ఎవరి మాటా వినడు గానీ దర్గా మాట దాటడు. ఆ లోపల మీరొక్క మాట చెప్తే..."

ఫోను తెగిపోయింది.

సుభాన్ మళ్ళీ చేశాడు. ఈసారి మగగొంతు పలికింది. "ఎవరో ఆయమ్మ, రాయచోటి బస్టాండులో ఒక్క ఫోను చేసుకుంటానన్నా అంటే ఇచ్చినా. నా బస్సు కదిలింది, గుంజుకొని ఎక్కినా. పేరు నేనేం అడుగుదునప్పా?"

సుభాన్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. శుక్రవారం అని కొట్టి వెతికాడు. శుక్రవారం చీరల మీద తగ్గింపులు నలభై వచ్చాయి. కువైట్ అని కొట్టాడు. చవక విమానం టికెట్లు వచ్చాయి. మూడు నెలల ఉత్తరాల తలకట్టులన్నీ చూశాడు. పెళ్ళి కావాలన్నవాళ్ళు ఉన్నారు, మోకాలు నొప్పి పోవాలన్నవాళ్ళు ఉన్నారు. అన్న పంపిస్తున్నాడన్న ఆడపిల్ల మాత్రం లేదు.

ఆ రోజంతా గడిచిపోయింది. ఆలోపల కొత్తగా పదకొండు ఉత్తరాలు వచ్చి చేరాయి. అందులో ఒకటి, నీ పెట్టె నిండిపోతోందని చెప్పడానికి వచ్చింది.

*

బుధవారం తెల్లవారగానే సుభాన్ అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాడు. సంగతంతా చెప్పాడు.

"ఆయమ్మ అర్జీ రాలేదవ్వా. వచ్చుంటే నా కన్ను దాటదు. ఆరేళ్ళల్లో ఒక్కటి వదల్లేదు నేను. ఒక్క అక్షరం మింగలేదు."

"రాలేదా, కనపళ్ళేదా?"

"రెండూ ఒకటే గదవ్వా."

అవ్వ దూదిలోంచి ఒక గింజ తీసి పక్కన పెట్టింది.

"నాకు దిక్కు తెలీడం లేదు," అన్నాడు సుభాన్. "ఉంచితే చోటు లేదు. తీసేస్తే పాపం. నువ్వు సెలవిస్తే కొన్ని తీసేస్తా. ఏవి ఉంచల్లో, ఏవి తియ్యల్లో చెప్పు."

"నాకేమన్నా చదువొచ్చునా?"

"నేను చదివి వినిపిస్తా గదా."

"ఆరేళ్ళుగా వినిపిస్తానే ఉండావు. చాల్లే. ఇప్పుడు జవాబు రాయి."

"దేనికి?"

"పైనుంచి పట్టుకో. ఒక్కోదానికీ రాయి. 'నీ అర్జీ అందింది. నీ కష్టం ఏంది?' అని."

సుభాన్‌కు తల తిరిగింది. ఆడపిల్ల ఉత్తరం దొరక్క తను చస్తుంటే, ఈమె బూట్ల అంగడికి జాబు రాయమంటుందేమిటి?

"అవ్వా, శుక్రవారం ఎల్లుండే."

"తెలుసు. అందుకే కూచో."

కంప్యూటరు ఉన్న గదిలోకి అవ్వ కూడా వచ్చింది. దూదిసంచీ తెచ్చుకొని, గోడకు ఆనుకొని కింద కూర్చుంది.

అన్నిటికంటే పైన ఉన్నది బూట్ల అంగడివాళ్ళదే. సుభాన్ పళ్ళు బిగబట్టి కొట్టాడు. నీ అర్జీ అందింది. నీ కష్టం ఏంది?

రెప్పపాటులో తిరిగి వచ్చింది.

"ఏమంటాడు?" అంది అవ్వ.

"ఇది జవాబులు తీసుకోని చిరునామా, దీనికి రాయొద్దు అంటాడు."

"సరే. ఇంకోటి."

కళ్ళద్దాలవాళ్ళకు రాశాడు. అదే జవాబు. ఫ్యాన్లవాళ్ళకు రాశాడు. అదే. అప్పు ఇస్తామని వారానికి మూడుసార్లు ప్రాధేయపడేవాళ్ళకు రాశాడు. వాళ్ళూ అంతే, రాయొద్దన్నారు. ఇన్నేళ్ళుగా తన గొంతుతో, సమాధి ముందు నిలబెట్టి చదివించుకున్నవాళ్ళు, ఒక్క మాట వినడానికి ఒక్కడూ ఇంట్లో లేడు.

ఇళ్ళస్థలాలు అమ్మేవాడు ఒకడు మాత్రం పలికాడు. "నమస్కారం సార్, ఏ వైపు ప్లాటు చూస్తున్నారు? కారు పంపిస్తాం, వచ్చి చూసుకోండి."

సుభాన్ అది చదివి వినిపించాడు.

"నీ కష్టం ఏందిరా అంటే కారు పంపిస్తానంటాడా?" అంది అవ్వ. "వానికేం కష్టం లేదు. సుఖంగా ఉండాడు. పోనీ."

"పోనీ అంటే? కొట్టేయమంటావా?"

"నేనేం చెప్పినా? రాయమని గదా చెప్పినా."

తర్వాతిది కరెంటు బిల్లు. సుభాన్ చెయ్యి ఆగిపోయింది. "ఇదీ జవాబు తీసుకోదవ్వా. అట్లని దీన్ని పోనీ అంటే దర్గాలో దీపం ఆరిపోతాది."

"కట్టు. దాంతో మాట్లాడొద్దు."

"మరి యాడ పెట్టేది?"

"బియ్యం యాడ పెడతావు, చెప్పులు యాడ పెడతావు? అది గూడా నేనే చెప్పల్లా?"

సుభాన్ బిల్లులకు వేరే గూడు చేశాడు. ఉరుసుకు పోలీసులిచ్చిన పర్మిషన్ కాగితం వచ్చింది. అదీ ఆ గూట్లోనే పెట్టాడు. ఇందులో ఏమన్నా అర్థం ఉందా అని అవ్వ మొహం చూశాడు. ఆమె దూది చూసుకుంటోంది.

ఇరవయ్యో ఇరవైరెండో ఉత్తరం కువైట్ నుంచి ఇమాంవలి అనే డ్రైవరు రాసింది. దానికీ అదే రాశాడు. నీ అర్జీ అందింది. నీ కష్టం ఏంది?

తరువాతిది తెరిచేలోపే జవాబు వచ్చింది. సుభాన్ లోపల చదువుకున్నాడు.

"ఏమంటాడు?" అంది అవ్వ.

సుభాన్ చదివాడు. "'సలాం అన్నా. ఇన్నాళ్ళకు పలికినారు. ఇప్పుడు కష్టమేం లేదు. మూడు వారాల కింద మాకు కొడుకు పుట్టినాడు. దర్గా పెట్టిన పేరు పెడదామని మీకు రాసినా. నలభై రోజులు ఆగుదామని మా ఆడోళ్ళతో కొట్లాడినా. మీరు పలకలేదు. మొన్న ఏదో ఒక పేరు పెట్టేసినారు. ఉంటా అన్నా.'"

ఆ గురువారం సుభాన్‌కు గుర్తుంది. ఆ ఉత్తరం తనే చదివాడు, అక్షరం మింగకుండా. అవ్వ ఒక పేరు కూడా చెప్పింది. జనం ఆమీన్ అన్నారు. ఆ పేరు ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది.

"నేను చెప్పిన పేరు వానికెట్ల పోతాదనుకున్నావు?" అంది అవ్వ.

"సమాధి ముందర చెప్పినావు గదవ్వా. మహిమ ఉంటాది గదా. దానంతట అదే..."

అతనికే ఆ మాట వినబడి ఆగిపోయాడు.

"కుండలో వేసినోళ్ళు ఎదురుగ్గా కూచుంటారు," అంది అవ్వ. "నేను చెప్తే వింటారు. మెయిల్లో వేసినోళ్ళు యాడ కూచున్నారో ఎప్పుడన్నా చూసినావా?"

సుభాన్ గదిలో నాలుగు మూలలూ చూశాడు. ఎందుకు చూశాడో అతనికే తెలియదు.

"ఇంకోటి," అంది అవ్వ.

*

మధ్యాహ్నం కావస్తోంది. చేతివేళ్ళు నొప్పి పుడుతున్నాయి. రాయొద్దన్నవాళ్ళు నూటికి పైగా తేలారు. పలికినవాళ్ళు పద్నాలుగు మంది. ఒకాయన కష్టం తీరిపోయిందన్నాడు, ఇద్దరు తీరలేదన్నారు, ఒకామె 'నిజంగా మీరేనా?' అని మూడుసార్లు అడిగింది.

ఆ తర్వాత వచ్చినది చూసి సుభాన్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "అవ్వా, ఇది అంగడి. దీనికి రాసేదేందిలే. 'ఓబులేసు నెట్ సెంటర్. జిరాక్స్, లామినేషన్, స్కానింగ్, పాస్‌పోర్ట్ ఫొటోలు. బస్టాండు ఎదురుగా, రాయచోటి.' అంతే ఉంది. మూడు మాట్లు పంపినాడు. మూడు మాట్లూ చదివినా నేను."

"మేము మూడు మాట్లూ ఆమీన్ అన్నాం. రాయి."

రాశాడు. నీ అర్జీ అందింది. నీ కష్టం ఏంది?

ఆ చిరునామా రాయొద్దనలేదు. కాసేపటికి జవాబు వచ్చింది.

"నాకేం కష్టం లేదు స్వామీ. నేను అంగడి నడుపుకుంటాండా. మీరు ఆ కాగితాలు తెరిచి చూళ్ళేదా? ఆయమ్మ చేత్తో రాసిస్తే ఫొటో తీసి దానికి తగిలించి పంపినా. ఆ కిందుండేది మా అంగడి బోర్డు, అది అన్నిటికీ దానంతట అదే పడతాది. ఆయమ్మ దినమ్మూ సాయంత్రం వచ్చి జవాబు వచ్చిందా అని అడుగుతాది. ఏం చెప్పల్లో తెలీక నేను పనుందని లోపలికి పోతాండా."

సుభాన్ ఆ మూడు ఉత్తరాలూ మళ్ళీ తీశాడు. అడుగున కాగితాలకు పెట్టే క్లిప్పు బొమ్మ చిన్నది ఉంది. ఆరేళ్ళలో ఎప్పుడూ దాన్ని నొక్కలేదు. అది అక్షరం కాదు గదా.

నొక్కాడు.

మొదటిది బడిపుస్తకం కాగితం. నిండా రాసి ఉంది. పేరు గౌసియా. అమ్మానాయనా లేరు. బీడీలు చుట్టుకొని బతుకుతోంది. అన్న పేరు మౌలాలి. కువైట్‌కు పంపే ఏజెంటుకు మాట ఇచ్చేశాడు. అడిగితే, నీ మంచికే అంటాడు. దర్గా మాట అంటే మాత్రం చెవి కోసుకుంటాడు. పొమ్మన్నా వద్దన్నా సరే, మీ నోటితో ఒక మాట చెప్పండి అని రాసింది.

రెండోది సగం కాగితం. బస్సు శుక్రవారం అని రాసింది. సంచీ సర్దుతున్నారని రాసింది.

మూడోదాంట్లో ఒక్క మాటే ఉంది.

"చదివినారా?"

సుభాన్ మూడూ పైకి చదివి వినిపించాడు. అవ్వ ఏమంటుందా అని తల తిప్పాడు. ఆమె చేతులు ఆగి ఉన్నాయి. ఒళ్ళో దూది అట్లే ఉంది.

"అన్ననూ పిల్చుకొని రేపు బేస్తవారం నాడు దర్గాకు రమ్మని రాయి," అంది. "దర్గా పిలిచిందని రాయి."

రాశాడు. ఒకటికి రెండుసార్లు చూసి పంపాడు. ఓబులేసు నుంచి వెంటనే వచ్చింది. "సాయంత్రం దాకా యాడ ఆగేది స్వామీ? ఆయమ్మ ఇల్లు నాకు తెలుసు. అంగడి మూసి పోతాండా."

అవ్వ లేచి బట్టలకు అంటిన దూది దులుపుకుంది. సుభాన్ ఆమె వెనకే గడప దాకా పోయాడు.

"అవ్వా, మరి ఆ మిగతావాళ్ళు? ఆ రాయొద్దన్నవాళ్ళు?"

"జవాబు వద్దనేవాడు అడగడానికి రాలేదబ్బయా. అరవడానికొచ్చినాడు. వాకిలి ముందు అరిచేవాణ్ణి తెచ్చి ఇంట్లో నిలబెట్టింది నువ్వే."

ఆ సాయంకాలం కూర్చొని సుభాన్ అరిచేవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి పంపాడు. ఇక పంపవద్దు అని చెప్పుకోవడానికి అడుగున చీమతలంత అక్షరాలు ఉంటాయని ఓబులేసే ఫోనులో చెప్పాడు. అవి నొక్కి, వాళ్ళ పాత ఉత్తరాలూ తీసేశాడు. వేలల్లో ఉన్నది వందల్లోకి దిగింది. దిగిన కొద్దీ గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. ఇప్పుడు పెట్టెలో ఉన్నవాళ్ళందరూ మనుషులే.

*

గురువారం సాయంత్రం ఊదుబత్తులు వెలిగించారు. ఆ వారం వచ్చిన ఈమెయిల్ అర్జీలు తొమ్మిదే. ఒక్కోటీ చదివాక, అవ్వ చెప్పిన మాటను సుభాన్ అక్కడే ఫోనులో రాసి పంపాడు. పోయిందని తెలిసేదాకా రెండోది మొదలుపెట్టలేదు. చదవడం ఇంత తొందరగా ఎట్లా అయిపోయిందో జనానికి అర్థం కాలేదు. లేవాలో కూర్చోవాలో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

అప్పుడు వచ్చారు అన్నాచెల్లెళ్ళు. మౌలాలి ముందు, గౌసియా నాలుగడుగులు వెనక. అతను మంచి చొక్కా వేసుకొని, తలకు రుమాలు కట్టుకొని వచ్చాడు. గడపకు మొక్కి, అవ్వ ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అవ్వా, దర్గా పిలిచిందన్నారు. పరిగెత్తుకొని వచ్చినా. రేపు చెల్లెలి ప్రయాణం. దర్గా మాట ఏదైతే అదే. పంపమంటే పంపుతా. వద్దంటే ఏజెంటు కాళ్ళు పట్టుకొనైనా మానిపిస్తా. చెప్పవ్వా."

జనమంతా అవ్వ నోరు చూస్తున్నారు. సుభాన్ కూడా. వద్దు అని ఒక్క మాట అంటే చాలు, అయిపోతుంది.

అవ్వ అనలేదు. మౌలాలి భుజం మీదుగా వెనక నిలబడ్డ పిల్లను చూసింది.

"ఇట్ల ముందుకు రా అమ్మీ. నీకు పోవాలనుందా?"

గౌసియా అన్న వైపు చూసింది, నేల వైపు చూసింది. "లేదవ్వా," అంది.

"గట్టిగా."

"లేదవ్వా. నేను పోను."

అవ్వ మౌలాలి వైపు తిరిగింది. "వినపడిందా అబ్బయా?"

"వినపడింది."

"అదే దర్గా మాట."

మౌలాలి సమాధి వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. "ఇదేం మాటవ్వా? ఇది ఇంట్లో గూడా ఇదే చెప్పింది గదా! నెల నుంచి చెప్తానే ఉంది."

"ఊ," అంది అవ్వ. "మరి దీనికి ఇంతదూరం ఎందుకు రావాల్సొచ్చింది?"

మౌలాలి తల వంచుకున్నాడు.

అతని వెనక, గోడ పక్కన నిలబడ్డ సుభాన్ కూడా తల వంచుకున్నాడు.